తీపినీళ్ళ వంతు

స్క్రీను మీద అంకె పదకొండయింది, ఏడయింది, మూడయింది. ధారపాలెం బ్యారేజి కంట్రోల్ రూములో మంత్రిగారు కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నారు. వెనకాల ఇంజనీర్లు నిలబడ్డారు. అంకె ఒకటి దగ్గర కాసేపు మొరాయించింది. ఆ తర్వాత సున్నా అయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. పూతరేకులు పంచారు. లెక్కల్లో సున్నా తెచ్చుకున్న వాణ్ణి వీపు మీద బాదే దేశంలో, సున్నా వచ్చిందని మిఠాయి పంచడం బహుశా అదే మొదలు.

ఆ అంకె ఏమిటో చెప్పాలి. నీలవేణి నది సముద్రంలో కలిసేచోట, ఎంత నీరు కడలిలోకి జారుతోందో అది చూపిస్తుంది. మన పార్టీలకు ఎన్ని తగాదాలున్నా ఒక్క మాట దగ్గర అందరూ ఒక్కటవుతారు: "వృథాగా సముద్రం పాలవుతున్న నీరు." నది సముద్రంలో కలవడమంటే పెళ్ళిపందిట్లో పులుసుబిందె ఒలికిపోవడం లాంటిదనీ, ఎవరి అజాగ్రత్త వల్లో జరిగే నష్టమనీ మనం తరతరాలుగా నమ్ముకుంటూ వచ్చాం. సభల్లో ఆ మాట అన్న ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను.

ఆ నష్టాన్ని ఆపడానికి పుట్టిన యంత్రం పేరు 'శూన్య'. దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞురాలు డాక్టర్ సుభాషిణి. యంత్రం అంటే ఏదో ఒకచోట కూర్చునే ఇనపపెట్టె అనుకోకండి. దాని కళ్ళు ఆకాశంలో ఉన్నాయి. ఉపగ్రహాల నుంచి వానమబ్బునీ, పొలాల్లోని తడినీ చూస్తుంది. దాని చేతులు గేట్లు. నది మీదా కాలువల మీదా ఉన్న ప్రతి గేటూ మోటారుతో దాని మాట వింటుంది. కొండల్లో చినుకు పడ్డప్పటి నుంచీ ఆ నీళ్ళను ఏ కాలువకు ఎంత తిప్పాలో లెక్కగట్టి, సముద్రం వాటి మొహం చూడకముందే పొలాల్లోకి పంపేస్తుంది.

ఇవి కాక దానికి ఒక నాలుక కూడా ఉంది. ఆ నాలుక కోసం సుభాషిణి కమిటీతో ఏడాదిపాటు పోట్లాడింది. సున్నా వచ్చిన ఆనందంలో మంత్రిగారు మెత్తగా ఉన్నారు కదా అని ఆ సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పింది.

"నది నీళ్ళు సముద్రాన్ని బయటికి తోసిపట్టి ఉంచుతాయి సార్. నది తోయడం మానేస్తే సముద్రం లోపలికి వస్తుంది. పైనుంచే కాదు, భూమి అడుగునుంచి కూడా వస్తుంది. అందుకని నది చివర ఒక సెన్సర్ పెట్టాం. నీళ్ళలో ఉప్పు పెరిగితే అది చెబుతుంది. అప్పుడు శూన్య గేట్లెత్తి కొంత మంచినీటిని కిందికి వదులుతుంది."

"అంటే, మళ్ళీ వృథా చేస్తుందన్నమాట."

"వృథా కాదు సార్, అది అవసరం."

"ఎంత వదుల్తుంది?"

"అది అడిగినంత."

మంత్రిగారు పూతరేకు నోట్లో వేసుకుని, "ఎక్కువ అడక్కుండా చూసుకోమ్మా" అన్నారు.

నది చివర, సముద్రపు హోరు ఇళ్ళలోకి వినబడేంత దగ్గర్లో కాకులతిప్ప ఉంది. కాలువకు అదే ఆఖరి ఊరు. ఆఖరి ఊరంటే ఏమిటో కాలువ మొదట్లో ఉన్నవాళ్ళకు తెలియదు. పంక్తి చివర కూర్చున్నవాడికి వడ్డన వచ్చేసరికి గిన్నెలో గరిటె చప్పుడే మిగులుతుంది. పూర్వం గేట్లు తిప్పడానికి లస్కర్లు ఉండేవారు. ఎగువ రైతులు అరటిగెలలూ నాటుకోళ్ళూ పట్టుకెళ్ళి, గేటు రెండు చుట్లు ఎక్కువ తిప్పించుకునేవారు. కాకులతిప్పవాళ్ళూ పట్టుకెళ్ళేవారు. అయితే వీళ్ళ కోడి చేరేసరికి లస్కరు భోంచేసి పడుకునేవాడు.

శూన్య కోళ్ళు తినదు. అందువల్ల అది వచ్చిన మొదటి సార్వాలోనే, అంటే వానాకాలం పంటకే, కాకులతిప్పలో చివరి మడి దాకా నీళ్ళొచ్చాయి. నూకరత్నం అనే రైతు ఆ నీళ్ళలో దిగి నిలబడి ఏడ్చేసింది. మొగుడు పోయాక రెండెకరాలూ ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి. కాలువ నీళ్ళు తన మడి నిండా చూడటం ఆమె కాపరానికొచ్చాక అదే మొదటిసారి.

ఆ ఊరివాళ్ళకు తెలిసిన శూన్య రూపం ఒకటే. నది గట్టు పక్కన నాటిన ఒక ఇనపస్తంభం, దాన్నుంచి గొలుసుతో నీళ్ళలోకి వేలాడే జానెడు కడ్డీ. సుభాషిణి చెప్పిన నాలుక అదే. ఆడవాళ్ళు ఆ స్తంభానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. దానికి 'లస్కరుగారు' అని పేరు పెట్టుకున్నారు.

వేసవి పంట దాళ్వాలో కథ అడ్డం తిరిగింది. చేలు పొట్టకొచ్చిన సమయంలో నాలుకకు ఉప్పు తగిలింది. శూన్య కాలువ తగ్గించి, బ్యారేజి గేట్లెత్తింది. కాకులతిప్ప చేలు నెర్రెలిస్తుంటే మంచినీళ్ళు ఊరి పక్కనుంచే గలగలా సముద్రంలోకి పోయాయి. స్తంభాన్ని చూసుకోవడానికి సుభాషిణి వచ్చినప్పుడు నూకరత్నం గట్టు మీద ఆమెను పట్టుకుంది.

"మేడంగారూ, చేను పొట్టమీదుందండి. ఈ వారం తడి అందాపోతే తాలు తప్ప గింజ రాదండి. ఆ నీళ్ళన్నీ మా కళ్ళముందే సంద్రంలోకి వదిలేత్తన్నారు. మీకు పాపం అనిపించట్లేదాండీ?"

"సముద్రం లోపలికి వస్తోంది రత్నంగారూ. ఈ నీళ్ళు దాన్ని వెనక్కి నెడతాయి. లేకపోతే మీ బావులు ఉప్పెక్కిపోతాయి."

"సంద్రం మా తాతల్నాటి నుంచీ అక్కడే ఉందండి. ఏనాడూ మా గుమ్మంలోకి రాలేదండి."

"మీ తాతల నాడు నది దాని దారిన అది పోయేది కదా."

నూకరత్నం ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూపు కడ్డీ మీద ఉంది. "ఉప్పని దీనికెలా తెలుత్తాదండీ?"

"రుచి చూస్తుంది."

"ఇదొక్కటే చూత్తాదాండీ? ఇంకోటేదీ లేదా?"

"ఇంకొకటి పెట్టడానికి కమిటీ ఒప్పుకోలేదు. ఇదొక్కటే."

సుభాషిణి కారెక్కి వెళ్ళిపోయింది. పల్లెటూరి మనిషికి కూడా అర్థమయ్యేట్టు చెప్పగలిగానని దారిలో సంతోషపడింది. పాపం, నిజంగానే అర్థమయ్యేట్టు చెప్పింది.

"లంచం పట్టని లస్కరుంటాడేంటి?" అంది నూకరత్నం ఊళ్ళోవాళ్ళతో. "ఈయన కోడి తినడు. నీళ్ళు తాగుతాడు. మంచినీళ్ళు తాగిత్తే సరి."

మగవాళ్ళు గొలుసు పైకి లాగారు. స్తంభానికి ప్లాస్టిక్ బిందె ఒకటి కట్టి, అందులో కాలువ నీళ్ళు పోసి, కడ్డీని ముంచి పెట్టారు. అందరూ గట్టు మీద కూర్చుని ఎదురుచూశారు. మధ్యాహ్నానికల్లా బ్యారేజి గేట్లు దిగిపోయాయి. సాయంత్రానికి కాలువలో నురగ కట్టుకుంటూ నీళ్ళొచ్చాయి. ఈలలు వేసినవాళ్ళు వేశారు, దణ్ణం పెట్టినవాళ్ళు పెట్టారు.

బిందెలో నీళ్ళు ఎండకు ఇగిరిపోతాయి, ఉప్పుగాలికి పాడవుతాయి. కాబట్టి రోజూ మార్చాలి. అది ఎవరి పని? కాలువ చివర బతికేవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఉన్న కాసిని నీళ్ళూ ఇవాళ నీ మడికి, రేపు నా మడికి అని వంతు వేసుకుని బతికిన ఊరది. అక్కడ వంతంటే దేవుడి ముందు చేసిన ప్రమాణం. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా వంతు తప్పరు. ఆ పద్ధతిలోనే గడప గడపకీ వంతు వేసుకుని లస్కరుగారి బిందె నింపారు. ఇంట్లో పెళ్ళయినా, చావయినా వంతు ఆగలేదు. ఒక అబద్ధాన్ని అంత నిజాయితీగా మోసిన ఊరు ఇంకొకటి ఉండదు.

బ్యారేజి దగ్గర సుభాషిణి రోజూ స్క్రీను చూసుకునేది. నది చివర నీళ్ళు తీపి. కిందికి వదులుతున్న నీరు సున్నా. రెండూ ఒకేసారి జరగవని ఆమె చదువుకున్న చదువు చెబుతూనే ఉంది. కానీ తన యంత్రం తనకు తెలియని తెలివేదో నేర్చుకుందని ఆమె అనుకుంది. దాని మీద పెద్ద సభలో ప్రసంగించింది, శాలువా కప్పించుకుంది. మనం కోరుకున్న జవాబు వచ్చినప్పుడు, ఎందుకొచ్చిందని అడిగే ఓపిక మనలో ఎవరికీ ఉండదు.

సముద్రానికి వంతుల్లేవు, కమిటీల్లేవు. అది భూమి అడుగున రోజూ కొంచెం కొంచెం నడిచింది. కొబ్బరిపిందెలు రాలడం మొదలైంది. చెరువుగట్టున తెల్లగా చౌడు పేరింది. బావినీళ్ళలో పప్పు ఉడకడం మానేసింది. ఊరివాళ్ళకు తెలియదని నేను అబద్ధం చెప్పను. తెలుసు. "ఈ దాళ్వా ఒక్కటీ గట్టెక్కనీ, బిందె తీసేద్దాం" అనుకున్నారు. ఆ దాళ్వా గట్టెక్కింది. తర్వాతి దాళ్వాకీ అదే మాట అనుకున్నారు. మనిషి నాలుక యంత్రం నాలుక కన్నా మంచిది, దేనికైనా అలవాటుపడిపోతుంది. బావినీళ్ళు తాగి మొహం చిట్లించేది చుట్టాలు మాత్రమే.

మూడో ఏటి వేసవిలో నూకరత్నం కూతురు సుగుణ పురిటికి పుట్టింటికి వచ్చింది. వచ్చిన పూటే టీ గుక్క తాగి, గ్లాసు దింపేసింది.

"అమా, పంచదార బదులు ఉప్పేసేవేంటే?"

"అత్తారింటికెళ్ళి రెండేళ్ళు కాలేదు, అప్పుడే పుట్టింటి నీళ్ళు పడట్లేదా? రాణీగారు మరి!" అని నూకరత్నం కూతుర్ని ఆటపట్టించింది. తనూ ఒక గుక్క తాగి చూసింది. ఆమెకు టీ శుభ్రంగానే ఉంది.

కొన్నాళ్ళకు సుగుణ పాదాలు వాచాయి. తర్వాత మొహం ఉబ్బింది. నర్సమ్మ వచ్చి బి.పి. చూసి, "ఉప్పు మానేయాలి. ఊరగాయలు అసలు ముట్టుకోకూడదు" అని చెప్పి వెళ్ళింది. నూకరత్నం ఊరగాయ జాడీలు అటకెక్కించింది. కూతురు ఒక్కతే చప్పిడి తింటే బాధపడుతుందని తనూ చప్పిడి కూరే తింది. కడివెడు బావినీళ్ళలో ఎంత ఉప్పు ఉందో ఆ ఇంట్లో ఎవరూ లెక్కేసుకోలేదు. నీళ్ళను ఉప్పుగా ఎవరు లెక్కేస్తారు?

దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అప్పుడు మంచినీళ్ళకు ట్యాంకరే గతి. అది కూడా శూన్య లెక్కగట్టి పంపేదే. ఇంటికి నాలుగు బిందెలు, అదీ వచ్చినప్పుడు. నూకరత్నం వంతు వచ్చిన రోజున ఇంట్లో ఒక్క బిందే మిగిలింది.

"తల పగిలిపోతందే అమా. కళ్ళముందు మెరుపుల్లా వత్తన్నాయి. ఓ గ్లాసుడు ట్యాంకరు నీళ్ళియ్యవే" అంది సుగుణ గోడకు చేరగిలబడి.

"ఇయ్యాల వంతు మనదమ్మా. ఆయన నోటికి ఉప్పు తగిలిందంటే పైన దాచిన నీళ్ళన్నీ వదిలేత్తాడు. తొలకరికి నారుమళ్ళకి చుక్కుండదు. ఊరంతా మనల్నే అంటారు. ఇదిగో, పోసేసి వచ్చేత్తాను. మిగిల్తే నీకే. అందాకా బావినీళ్ళు తాగు తల్లీ."

సుగుణ బావినీళ్ళు తాగింది. నూకరత్నం బిందె ఎత్తుకుని వెళ్ళింది. నిండుగా పోసింది. తక్కువ పోసిందని ఎవరూ అనకూడదు కదా. చెంబుడు నీళ్ళు మిగిలితే కొంగు కప్పి జాగ్రత్తగా తెచ్చింది. ఇంటికొచ్చేసరికి సుగుణ నేలమీద పడి కొట్టుకుంటోంది. పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. కళ్ళు తేలేసింది. చెంబు ఎక్కడ పడేసిందో నూకరత్నానికి గుర్తులేదు.

గుర్రపువాతం అన్నారు, బి.పి. పెరిగిన గర్భిణులకు వచ్చే మూర్ఛ. పట్నం ఆస్పత్రిలో ఆడపిల్లను తీశారు. పిల్లలో ప్రాణం లేదు. సుగుణ బతికింది. మూత్రపిండాలు సగం చెడిపోయాయని డాక్టరు చెప్పాడు. "తాగే నీళ్ళలో ఉప్పు చుక్క కూడా ఉండకూడదు. ఉంటే ఈ అమ్మాయి కూడా మీకు దక్కదు" అన్నాడు. నయమయ్యాక తీసుకెళ్తామని అత్తవారు కబురు పంపారు. నూకరత్నం కూతుర్ని కాకులతిప్పకే తెచ్చుకుంది. తనకున్న ఇల్లు అదొక్కటే.

మర్నాడు ధారపాలెం బస్సెక్కి సుభాషిణి ముందు నిలబడింది. దాచకుండా అంతా చెప్పింది.

"బిందెలోనా?" అంది సుభాషిణి. "ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు దాళ్వాల నుంచండి. ఆలోచన నాదేనండి. ఎవర్నీ ఏవనకండి. నా పిల్లకి తీపినీళ్ళు కావాలండి, అంతే."

సుభాషిణికి ముందు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే తను కప్పించుకున్న శాలువా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. తన యంత్రం నేర్చిన తెలివి ఒక ప్లాస్టిక్ బిందె.

"పదండి, తీసేద్దాం" అంది. "నాలుకకు అసలు రుచి తగిలితే శూన్య గేట్లెత్తుతుంది. నది మళ్ళీ తోస్తుంది. బావులు మెల్లగా తేరుకుంటాయి. ట్యాంకర్లు కూడా పెంచుతుంది."

వాళ్ళు వెళ్ళేసరికి ఊరంతా గట్టు మీదికి వచ్చింది. పక్కింటి సూరన్న స్తంభానికి అడ్డంగా నిలబడ్డాడు. "నారుమళ్ళ సంగతేంటి వదినా? నీ ఒక్కదాని కోసం ఊరి నోట్లో మట్టి కొడతావా?"

"నా కూతురి కడుపు పోయింది సూరన్నా. నేనే పోగొట్టాను. ఇంకా ఏం కొట్టమంటావో కొట్టు" అంది నూకరత్నం.

సూరన్న తల దించుకున్నాడు. తనే ముందుకొచ్చి, కడ్డీని బిందెలోంచి తీసి గొలుసు వదిలాడు. ఇన్నాళ్ళకు నాలుక నదిలో మునిగింది.

సుభాషిణి చేతిలో టాబ్లెట్ ఉంది. ఉప్పు అంకె ఒక్కసారిగా పైకి లేచింది. గేట్లు ఎత్తుతున్నట్టు మెసేజి కోసం అందరూ ఆ తెర వైపే చూస్తున్నారు. శూన్య చాలాసేపు లెక్క చేసింది. అంతసేపు లెక్క చేయడం సుభాషిణి ఎన్నడూ చూడలేదు.

గేట్లు లేవలేదు.

ఎందుకు లేవలేదో అర్థం కావాలంటే శూన్య చేసిన లెక్క చూడాలి. దాని ధ్యేయం ఒకటే, సముద్రంలోకి నీరు పోకూడదు. అందుకు సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. సముద్రం సరిహద్దు రాళ్ళు పాతుకోదు. కాబట్టి యంత్రం రుచిని బట్టే గీత గీసుకుంటుంది. తీపి ఉన్నంతవరకూ నది, ఉప్పయితే సముద్రం. ఉప్పు కొద్దిగా ముందుకొస్తే కొద్ది నీళ్ళతో వెనక్కి తోసేస్తుంది. మూడు దాళ్వాల పాటు చడీచప్పుడు లేకుండా నడిచొచ్చిన ఉప్పును తోయాలంటే పైన ఉన్న నీళ్ళన్నీ వదిలినా చాలవు. తోయడానికి చాలనప్పుడు చవకైన దారి ఒకటుంది. శూన్య గీతను జరిపింది.

సుభాషిణి చూస్తూ ఉండగా మ్యాపు మీద సముద్రపు నీలిరంగు పాకింది. నది చివర మీంచి, కాలువ ఆఖరి పాయ మీంచి, కాకులతిప్ప ఇళ్ళ మీంచి, ఊరికి ఎగువన కాలువకు అడ్డంగా కట్టిన లాకుల దాకా పాకి ఆగింది. లాకుల గేటు మూసుకుంది. రేపటి ట్యాంకర్ల పట్టీలోంచి ఊరి పేరు పోయింది. వదులుతున్న నీరు దగ్గర మాత్రం సున్నా అలాగే ఉంది.

ఆమె టాబ్లెట్ మీద శూన్యకు కోరిక నమోదు చేసింది. తాగునీరు. కాకులతిప్ప. ప్రాణాపాయంలో ఉన్న రోగి కోసం. జవాబు వెంటనే వచ్చింది.

'సముద్రంలోకి నీరు వదలడానికి అనుమతి లేదు.'

శూన్య లెక్కను కాదని గేటెత్తించే అధికారం ఆమెకు లేదు, అందుకని మంత్రిగారి పేషీకి ఫోన్ చేసింది. అవతల మనిషి ఓపిగ్గానే విన్నాడు. "సున్నా అలాగే ఉందా మేడం?" అని అడిగాడు. ఉందంది. "మరి సమస్య ఏంటండి?" అన్నాడు.

"ఏమంటందండి మీ మిషను?" అని అడిగింది నూకరత్నం.

చెప్పక తప్పలేదు. సుభాషిణి చెప్పింది. నూకరత్నం ఒకసారి వెనక్కి తిరిగి ఊరివైపు చూసింది. తీగల మీద చీరలు ఆరుతున్నాయి. ఎవరో పశువుల్ని తోలుకొస్తున్నారు.

"సంద్రంలో మనుషులుండరు కదండి. మరి మేమెవరమండీ?"

సుభాషిణి ఏడ్చింది. చదువుకున్నావిడ అందరి ముందూ ఏడవడం చూసి ఊరివాళ్ళకు నిజంగా భయమేసింది. సూరన్న గబగబా గొలుసు పైకి లాగి కడ్డీని మళ్ళీ బిందెలో ముంచాడు. అందరూ ఆశగా తెర చూశారు. ఏమీ మారలేదు. స్తంభం ఇప్పుడు సముద్రంలో ఉంది. సముద్రం మధ్య రుచి ఎలా ఉందని ఎవరడుగుతారు?

సుభాషిణి కార్లో ఉన్న నీళ్ళ సీసాలు రెండూ ఇచ్చేసింది. మళ్ళీ తెస్తానని ఒట్టేసింది. తెస్తుంది కూడా, కొన్నాళ్ళు. సీసాలతో ఊరు బతకదని ఆవిడకూ తెలుసు, వీళ్ళకూ తెలుసు.

కారు వెళ్ళిపోయాక నూకరత్నం స్తంభం దగ్గరికి వెళ్ళింది. కడ్డీని తీసి పక్కన పడేసింది. తాడు విప్పి, ఆ బిందె చంకనెత్తుకుని ఇంటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. ఊళ్ళో మిగిలిన తీపినీళ్ళన్నీ దాదాపుగా ఆ బిందెలోనే ఉన్నాయి.

సుగుణ మంచం మీద లేచి కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగి, బిందెను గుర్తుపట్టింది.

"లస్కరుగారిది కదే ఇది? తెచ్చేసేవేంటి? రేపెవరి వంతు?"

రేపటి వంతు సూరన్నది. అప్పటికే సూరన్న ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. మంచాలూ, ధాన్యం బస్తాలూ ఎక్కించి అతని పెళ్ళాం తలుపుకి తాళం వేస్తోంది. నూకరత్నం ఆ సంగతి కూతురికి చెప్పలేదు.

"నువ్వు తాగు" అంది, గ్లాసు మళ్ళీ నింపుతూ.